దుమ్ము లేని గది

పొద్దున ఆరు షిఫ్టుకి
ఏర్పేడు రోడ్డులో కంపెనీ బస్సు దిగి
నీలం కోటు తొడిగి, జుట్టంతా టోపీలోకి దోపి
అద్దాల పెట్టెలో నిలబడతాను.
నాలుగు పక్కల నుంచీ గాలి కొడుతుంది, పన్నెండు సెకన్లు.
చేతులు పైకెత్తి ఒక చుట్టు తిరగాలి
పోలీసోళ్లకి దొరికిపోయిన దానిలా.

మా ఊరి దుమ్ము నా మీద నుంచి రాలేది అక్కడే.

"రేణువు పడితే బోర్డే పోతాది" అంటాడు
సూపర్‌వైజర్ కుమారవేలు.
గుడియాతం మనిషి, చెడ్డోడు కాదు.
వెంట్రుకలో నూరో వంతు గురించి
అంత శ్రద్ధగా మాట్లాడేవాడిని నేను చూడలేదు.
ఇప్పుడు నాలుగో లైను ఉన్న చోటే
మా నాయన చెంగల్రాయులు చెనిక్కాయ చెట్లు పెరికి
వేళ్లకంటిన మట్టిని మోకాలికేసి కొట్టి కొట్టి
మళ్లీ చేనికే ఇచ్చేసేవాడని
ఆయనకెవరు చెప్తారు?

నక్కలగుట్ట ఇప్పుడు లేదు.
సగం లారీలెక్కి రోడ్లయింది.
తక్కిన సగం గాల్లో ఉంది,
ఆరేసిన చీర మడతల్లో ఉంది,
మూతపెట్టిన సంగటి మీద ఉంది,
తెల్లారుజామున మా అవ్వ మునెమ్మ దగ్గితే
గుట్ట కదిలినట్టే ఉంటుంది.

బోర్డులు కడిగే నీళ్లకి రుచి ఉండదు.
ఉప్పు తీసి, సున్నం తీసి
నీళ్లలోంచి నేలనంతా తీసేసిన నీళ్లు.
తీసిందంతా యాడికి పోతుందని అడిగాను ఒకసారి.
"ట్రీట్‌మెంట్‌కి" అన్నాడు.
వెనక గోడ కింద గొట్టం.
గొట్టం దాటితే వంక.
వంకలో ఈ ఏడు కప్పలు అరవలేదు.
గజలక్ష్మి వాళ్ల ఎనుము అక్కడ మూతి ఆనించి
తల విదిలించుకుని వెనక్కొచ్చేసింది.
ఎనుము ఇచ్చిన రిపోర్టు మీద
సంతకం ఎవరు పెడతారు?

మాకు మూడు రోజులకొక ట్యాంకరు.
మా బోరు తొమ్మిది వందల అడుగులు దిగి
తెల్లటి పొడి కక్కి ఊరుకుంది.

జీతం ఒకటో తేదీకే పడుతుంది, అబద్ధం చెప్పను.
అవ్వ దగ్గు మందు, తమ్ముడి డిప్లొమా ఫీజు
ఆ గదిలోంచే వస్తాయి.
తిట్టబోతే నోరు రాదు.
మెచ్చుకోబోతే గొంతులో ఏదో గరగర.

ఆరుద్ర కార్తె మూడోనాటి రాత్రి వాన పడింది.
పొద్దున చెప్పులు విప్పి అరలో పెట్టబోతే
వారు పక్కన
ఎర్రగా, మెత్తగా, కుంకుమ బొట్టంత
ఆరుద్ర పురుగు.
వేలు తగలగానే కాళ్లన్నీ ముడిచేసింది.
చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తడిమట్టి వేసి పెంచేదాన్ని.
ఇది గట్టు మీద తిరిగితే గానీ
నాయన ఇత్తనం మూట విప్పేవాడు కాదు.

పురుగు కనిపిస్తే రిజిస్టరులో రాయాలి,
మందు కొట్టేవాడిని పిలవాలి.
రాయలేదు.
చిప్పులొచ్చే వెండి కవరొకటి తీసి
అందులో వేసి, చెప్పుల వెనక దాచాను.

టీ బ్రేకు పది నిమిషాలు.
కవరు పట్టుకుని బయటికొచ్చాను.
గేటు దాకా సిమెంటు పలకలు.
పచ్చిక ఉంది, చాపలా చుట్టి తెచ్చి పరిచింది,
అంచు ఎత్తి చూస్తే కింద నల్ల ప్లాస్టిక్.
పూలతొట్లలో కొబ్బరి పొట్టు.
గోడకీ గోడకీ మధ్య ఇన్నేసి ఎకరాల్లో
అరచెయ్యంత తడినేల వెతుక్కుంటున్నాను.
"ఏం పారేసుకున్నావమ్మా?" అన్నాడు వాచ్‌మన్.
ఆ మాటకి జవాబు మొదలుపెడితే
షిఫ్టు అయిపోతుంది.

బెల్లు కొట్టింది.
మళ్లీ అద్దాల పెట్టె.
చేతులు పైకెత్తాను. గాలి కొడుతోంది.
ఒక చెయ్యి చాపి,
ఒక చెయ్యి పిడికిలి బిగించి
నెమ్మదిగా చుట్టు తిరుగుతున్నాను.

పిడికిలి లోపల
ముడుచుకున్న కాళ్లు
ఒక్కటొక్కటిగా విప్పుకుంటోంది.